చుక్క లేని ప్రశ్న, చిక్కని సమాధానం

అవధానకళకు ఢిల్లీలో తగిన ఆదరణ లేదని మన పండితులు అప్పుడప్పుడు నొచ్చుకుంటూ ఉంటారు. పార్లమెంటు వైపు సరిగా చూడకపోవడం వల్ల వచ్చిన బాధ ఇది. సభ జరిగే ప్రతి రోజూ అక్కడ నడుస్తున్నది అవధానం కాక మరేమిటి? మన దగ్గర ఎనిమిది మంది పృచ్ఛకులను కూర్చోబెట్టి అష్టావధానం అంటాం. నూరుగురు అడిగితే శతావధానమని శాలువా కప్పి ఊరేగిస్తాం. లోక్‌సభలో రోజుకు 230 వరకు, రాజ్యసభలో 160 వరకు ప్రశ్నలు కేవలం లిఖితపూర్వక సమాధానాల కోసమే వస్తాయి. వాటికి ఆ పూటే సమాధానాలు సభ ముందుకు చేరిపోతాయి. ఇంత చేసినా గండపెండేరం తొడిగించుకున్న మంత్రి ఇంతవరకు ఒక్కరూ లేరు. ఈ అన్యాయాన్ని లోకం దృష్టికి తేవడానికే ఈ నాలుగు మాటలు.

తెలియనివారి కోసం కొంచెం ఉపోద్ఘాతం. పార్లమెంటు ప్రశ్నల్లో చుక్క ఉన్నవి, చుక్క లేనివి అని రెండు జాతులు. ప్రశ్న పక్కన నక్షత్రపు గుర్తు ఉంటే మంత్రి లేచి నిలబడి నోటితో చెప్పాలి. పైగా సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేసి ఇరుకున పెట్టవచ్చు. లోక్‌సభలో ఇవి రోజుకు 20 ఉంటాయి. ఉన్న గంటలో నాలుగైదింటికి నోటి సమాధానం దక్కితే ఆ రోజు సభ బాగా సాగినట్టే. చుక్క లేనివాటికి ఈ గొడవలేవీ లేవు. కాగితం అడుగుతుంది, కాగితం జవాబిస్తుంది. ఎదురు ప్రశ్న ఉండదు, గ్యాలరీలో విలేకరులు ఉండరు, అడిగినవారి ముఖం చెప్పినవారు చూడరు. కవిత్వం పండేది ఇలాంటి ప్రశాంతతలోనే.

మన అవధానికీ ఆ అవధానికీ ఒక తేడా ఉంది, ఒప్పుకోవాలి. మనవాడు అడిగిన క్షణాన్నే పద్యం ఎత్తుకోవాలి. అక్కడ మామూలుగా పదిహేను రోజుల ముందే నోటీసు అందుతుంది. ఆ పదిహేను రోజులూ ఫైలు గది నుంచి గదికి నడిచి, సెక్షన్ ఆఫీసరు నుంచి అండర్ సెక్రటరీకి, ఆయన నుంచి పైవారికి ఎక్కి, చివరకు మంత్రి సంతకంతో దిగివచ్చి ఇలా పలుకుతుంది: ‘సమాచారం సేకరిస్తున్నాం. సభ ముందు ఉంచుతాం.’ తొందరపడితే రసభంగం.

ప్రశ్నకు ఛందస్సు కూడా ఉంది. 150 మాటలు దాటకూడదు. వాదనలు, ఆరోపణలు, విశేషణాలు పనికిరావు. లోక్‌సభ నిబంధనలు ప్రశ్నలో వ్యంగ్యోక్తులు ఉండరాదని కూడా స్పష్టంగా చెబుతున్నాయి. సమాధానం విషయంలో అలాంటి నిషేధమేదీ నా కంట పడలేదు. ఈ ఒక్క వెసులుబాటు మీదే మొత్తం సాహిత్యం నిలబడి ఉందని నా అభిప్రాయం.

ప్రశ్నలు తరచు నాలుగు పాదాల పద్యంలా వస్తాయి. (ఎ) ఫలానా సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా. (బి) వచ్చినట్లయితే వివరాలేమిటి. (సి) రానట్లయితే కారణాలేమిటి. (డి) తీసుకుంటున్న చర్యలేమిటి? సభ్యుడు ఎంతో శ్రమపడి విడగొట్టిన ఈ నాలుగు పాదాలను మంత్రిగారు ఒక్క చేత్తో పోగుచేస్తారు. ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని మొదలుపెట్టి ఒకే పేరాలో పథకం పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారు. ఏ ముక్క దేనికి జవాబో కలుపుకోవడం పాఠకుడి పని. సహృదయుడికి ఆ మాత్రం పని ఉండాలని మన ఆలంకారికులు ఎప్పుడో అన్నారు కదా.

ఇక అసలు అంశాలకు వద్దాం. మొదటిది నిషిద్ధాక్షరి. మన పద్ధతిలో పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్నీ నిషేధిస్తూ పోతాడు, అవధాని తప్పించుకుంటూ పోతాడు. ఢిల్లీ పద్ధతిలో నిషేధించేదీ తప్పించుకునేదీ అవధానే. ‘ఎంత’ అని అడిగితే అంకె నిషిద్ధం. ‘ఎప్పుడు’ అని అడిగితే తేదీ నిషిద్ధం. ‘ఎంతమంది’ అన్నారో, ‘కేంద్రీకృతంగా అలాంటి సమాచారం నిర్వహించడం లేదు.’

ఈ ప్రక్రియలో శిఖరాయమానమైన రచన 2020 సెప్టెంబరులో వెలువడింది. కరోనా కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తివేశారు. చుక్క ఉన్నవి పోయి చుక్క లేనివి మాత్రమే మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఇళ్లకు బయలుదేరి దారిలో చనిపోయిన వలస కార్మికుల గురించి, వారి కుటుంబాలకు పరిహారం గురించి సెప్టెంబరు 14న లోక్‌సభలో అడిగారు. కార్మిక శాఖ జవాబు: అలాంటి సమాచారం నిర్వహించడం లేదు, అందువల్ల పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ తర్కం చూడండి. లెక్క లేదు కాబట్టి మనిషి లేడు, మనిషి లేడు కాబట్టి డబ్బు లేదు. ఎంత బిగువైన నిర్మాణం! అయితే సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 18న, రాజ్యసభలో రైల్వే శాఖ రసాభాస చేసింది. శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ప్రయాణిస్తూ ఆ నెల 9 వరకు 97 మంది మరణించారని అంకెతో సహా చెప్పింది. రైలులో చచ్చినవాడు లెక్కకు వచ్చాడు, రోడ్డు మీద నడుస్తూ చచ్చినవాడు రాలేదు. ఒకే ప్రభుత్వంలో రెండు శాఖలు ఒకే ఛందస్సు పాటించకపోతే ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

దత్తపది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమనడం మన ఆచారం. ఇక్కడ ఆ నాలుగు మాటలూ శాఖే ఇంటి నుంచి తెచ్చుకుంటుంది: సమగ్రం, పారదర్శకం, సాధికారత, చివరి లబ్ధిదారు. ఏ వరసలో వేసినా అర్థం మారదు.

సమస్యాపూరణం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. సమస్య అంటే పైకి అసంగతంగా కనిపించే పాదం. దాన్ని సంగతం చేయడం అవధాని ప్రతిభ. ఢిల్లీ అవధానులకు ఏళ్ల తరబడి ఒకే సమస్య ఇస్తున్నారు. తేటగీతిలో పెడితే ఇలా ఉంటుంది:

‘రెండు వందలు చాలును నిండు నెలకు.’

ప్రాసయతి కూడా కుదిరింది, చూసుకోండి. పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే పింఛను కథ ఇది. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు నెలకు 75 రూపాయలు. 2006లో దాన్ని 200 చేశారు. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి తగ్గించారు, 80 దాటినవారికి 500 అన్నారు. 60కీ 80కీ మధ్యనున్నవారికి మాత్రం అదే 200. రోజుకు 6 రూపాయల 67 పైసలు. ఆ పైసలు ఇప్పుడు చలామణిలో లేవు గనుక ఆరు రూపాయలే అనుకుందాం. అరవై ఏళ్లకు ఈ పింఛను అందుకోవడం మొదలుపెట్టిన అవ్వ, ఎనభైవ పుట్టినరోజు దాకా బతికి చూపిస్తేనే తర్వాతి పాదం వింటుంది.

ఈ మొత్తం చాలదని సభ్యులు అడుగుతూనే ఉన్నారు. గ్రామీణాభివృద్ధిపై ఏర్పాటైన పార్లమెంటు స్థాయీ సంఘం పెంచమని పలుమార్లు సిఫారసు చేసింది. పూరణ సిద్ధంగా ఉంది: ఇది కేంద్రం వంతు మాత్రమే, రాష్ట్రాలు కనీసం ఇంతే మొత్తం తమ వంతుగా కలపాలని ప్రోత్సహిస్తున్నాం. ప్రోత్సాహం బాగానే పనిచేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. తెలంగాణ ఆసరా పింఛనును 2,016 రూపాయలకు పెంచుకుంది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నట్టు జాబితాలో పేరుంటే, ఆ మొత్తంలో కేంద్రం 200 కూడా ఒక మూల ఉంటుంది, పెళ్లి పత్రికలో ఆహ్వానించువారి జాబితాలో చివరన పేరు వేయించుకున్న దూరపు చుట్టంలా.

అప్రస్తుత ప్రసంగం అనే అంశంలో మన దగ్గర అడిగేవాడు అసందర్భంగా మాట్లాడి అవధానిని తికమకపెడతాడు. అక్కడ ఆ బాధ్యతను కూడా సమాధానం చెప్పేవారే దయతో స్వీకరించారు. పింఛను ఎందుకు పెంచలేదని అడిగితే, అది నేరుగా బ్యాంకు ఖాతాలో ఎంత చక్కగా పడుతున్నదో చెబుతారు. ఎంత పడుతున్నది అన్నదే కదా ప్రశ్న అని మీరు అనవచ్చు. అది అనుబంధ ప్రశ్న అవుతుంది. చుక్క లేనివాటికి అది లేదని పైన మనవి చేశాను.

పృచ్ఛకులనూ మరీ అమాయకులనుకోవద్దు. ప్రశ్న అడగడమే ఒక ఫలం. మర్నాడు జిల్లా పేజీలో ‘పింఛన్లపై లోక్‌సభలో ఎంపీ ప్రశ్న’ అని ఫొటోతో వార్త వస్తుంది. సమాధానంలో ఏమీ లేదన్న సంగతి వార్త అడుగున, ఫొటో కిందికి రాని చోట ఉంటుంది. అడిగినవారికి ఫొటో దక్కింది, చెప్పినవారికి పూట గడిచింది.

పార్లమెంటును సంస్కరించడం గురించి ప్రశ్నలు వేసినా ఇదే సౌఖ్యం. మొదటి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. 2019లో ఏర్పడిన పదిహేడవది 274 రోజులు. లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులైనా సమావేశం కావాలని జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లోనే చెప్పింది. మరి ఏమిటి ఆలస్యం అంటే, సమావేశాల నిడివి సభ ముందున్న పనిని బట్టి ఉంటుందనే వాక్యం ఉంది. పనిని ఎవరు నిర్ణయిస్తారు అన్నది, మళ్లీ, అనుబంధ ప్రశ్న.

డిప్యూటీ స్పీకరు సంగతి ఇంకా రసవత్తరం. వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని రాజ్యాంగం 93వ అధికరణం అంటుంది. పదిహేడవ లోక్‌సభకు అయిదేళ్లలో వీలు కాలేదు. ఎన్నుకోవలసింది సభ కాబట్టి ప్రభుత్వాన్ని అడగకూడదు. సభను అడుగుదామంటే సభ ప్రశ్నలు తీసుకుంటుందే గాని ప్రశ్నలకు జవాబు చెప్పదు. ‘వీలైనంత త్వరగా’ అనే మాట సచివాలయపు గుమాస్తా కనిపెట్టాడని ఇన్నాళ్లూ అపోహ పడ్డాను. రాజ్యాంగ నిర్మాతలకు క్షమాపణలు.

అయితే ఏ సంస్కరణా అమలు కాలేదని అంటే అబద్ధం. 2018లో ఒక సంస్కరణ చట్టంలో చేరింది: పార్లమెంటు సభ్యుల జీతభత్యాలు ప్రతి అయిదేళ్లకు ద్రవ్యోల్బణ సూచీని అనుసరించి వాటంతట అవే పెరగాలి. ఆ ప్రకారం 2025 మార్చి 24న నోటిఫికేషన్ వచ్చింది. నెల జీతం లక్ష రూపాయల నుంచి 1,24,000 అయింది, అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. మాజీ సభ్యుల పింఛను 25,000 నుంచి 31,000కు చేరింది. ఇందుకోసం ఎవరూ (ఎ), (బి), (సి), (డి) అని విడగొట్టి అడగవలసిన పని లేకపోయింది. ఎవరూ సమాచారం సేకరించలేదు. రాష్ట్రాలను ప్రోత్సహించలేదు. ధరలు పెరిగితే పింఛను పెరగాలన్న సూత్రం అసాధ్యమేమీ కాదని దీనితో రుజువైంది. ద్రవ్యోల్బణం పార్లమెంటు ప్రహరీ లోపల మాత్రమే ఉంటుందని కూడా తేలింది. ఆర్థికవేత్తలు దీన్ని ఎందుకు పట్టించుకోలేదో తెలియదు.

చివరి అంశం ధారణ. పద్యాలన్నీ అయ్యాక, చెప్పిన ప్రతి పాదాన్నీ గుర్తుపెట్టుకుని తిరిగి వినిపిస్తేనే మన దగ్గర అవధానం పూర్తయినట్టు. పార్లమెంటులో ధారణ బరువు 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ మీద ఉంది. మంత్రి ‘పరిశీలిస్తాం’ అన్నా, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ అన్నా అది హామీ కిందే లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరకపోతే గడువు పొడిగించమని కోరవచ్చు. మరీ బరువైతే ఆ హామీని జాబితా నుంచి తొలగించమని కూడా కోరవచ్చు. ధారణ కుదరని పద్యాన్ని అసలు చెప్పనట్టే భావించమని పృచ్ఛకుణ్ణి బతిమాలుకునే సౌకర్యం మన అవధానులకు ఇన్ని వందల ఏళ్లుగా తట్టనే లేదు.

కానీ నిజమైన ధారణ కమిటీ గదిలో జరగదు. సమావేశాలకు ముందు ఏదో ఒక శాఖ కార్యాలయంలో, సాయంత్రం ఆరు దాటాక జరుగుతుంది. గది ఊహించుకోండి. ఎర్ర అక్షరాలతో ‘పార్లమెంటు ప్రశ్న, అతి జరూరు’ అని రాసిన అట్ట ఫైలు బల్ల మీద ఉంది. సెక్షన్ ఆఫీసరు టీ గ్లాసు పక్కకు జరిపి ప్రశ్న చదివాడు: వృద్ధాప్య పింఛను పెంచే ప్రతిపాదన ఉందా, ఉంటే వివరాలేమిటి, లేకుంటే కారణాలేమిటి. ఆయనకు ఆలోచించే పని లేదు. కంప్యూటరులో క్రితం ఏడాది సమాధానం తెరిచాడు. అడిగిన సభ్యుడి పేరు తీసేసి కొత్త పేరు వేశాడు. తేదీ దిద్దాడు. మంత్రి మారారేమో చూసి, మారారు గనుక అదీ దిద్దాడు. పట్టికలో రాష్ట్రాల వారీ అంకెలు కొన్ని కొత్తవి ఎక్కించాడు. కిందికి వచ్చి పింఛను మొత్తం ఉన్న గడి దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకున్నాడు. అక్కడ దిద్దవలసింది ఏమీ కనిపించక ప్రింటు ఇచ్చాడు.