సహజత్వం ఇచ్చట తయారు చేయబడును

ప్రభుత్వం ఫొటోగ్రఫీని సేవల కింద జమకట్టి 18 శాతం జీఎస్టీ వేస్తోంది. పన్ను ఎక్కువని నేను అనడం లేదు. మమ్మల్ని తప్పు పద్దులో రాశారన్నదే నా బాధ. హైదరాబాదులో 19 ఏళ్లుగా ప్రకటనలకూ పత్రికలకూ ఫొటోలు తీసి తీసి చెబుతున్నాను: మాది సేవ కాదు, తయారీ పరిశ్రమ. ముడిసరుకు ఉంది, యంత్రాలున్నాయి, కార్మికులున్నారు, వ్యర్థాలైతే దండిగా ఉన్నాయి. తయారయ్యే సరుకు పేరు సహజత్వం. సెల్‌ఫోన్లు బిగించేవారికి ఇచ్చిన ప్రోత్సాహకాలు మాకు కూడా వర్తింపజేయాలని సంబంధిత మంత్రిత్వ శాఖకు ఇందుమూలంగా విన్నవించుకుంటున్నాను.

అనుమానం ఉంటే మా క్లయింట్లను అడగండి. బిర్యానీ హోటలు యజమాని, అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు, నగల దుకాణం వారసుడు, సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి, పత్రిక సంపాదకుడు. ఈ ఐదుగురినీ ఒక పెళ్లిలో ఒకే బంతిన కూర్చోబెడితే పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అన్నదాని మీద కూడా ఒక మాట మీదికి రారు. నా స్టూడియో మెట్లెక్కగానే మాత్రం అందరిదీ ఒకటే మాట. "పెద్దగా ఏమీ వద్దండీ, సహజంగా ఉంటే చాలు."

ముందు బిర్యానీ సంగతి. హోటలు నుంచి అప్పుడే దమ్ము విప్పిన హండీ వస్తుంది. గదంతా గుమగుమ. ఆ బిర్యానీ మాకు పనికిరాదు. పూర్తిగా ఉడికిన ముక్క కెమెరా ముందు నీరసించిపోతుంది. అందుకని ముప్పాతిక వంతు ఉడికిన కోడి తొడను విడిగా తెప్పించి, దానికి కుంచెతో నూనె రాస్తాం. మెతుకులను పట్టకారుతో ఒక్కొక్కటిగా పేరుస్తాం. తెల్ల మెతుకుల మధ్య కుంకుమపువ్వు రంగువి ఎన్ని ఉండాలి, అవి ఎటు తిరిగి పడుకోవాలి అన్నదాని మీద వంటకాన్ని అలంకరించే నిపుణురాలికీ యజమాని మేనల్లుడికీ గంటసేపు వాదన నడుస్తుంది. ఇక పొగ. నిజమైన అన్నం పొగ మేము లైట్లు సర్దుకునేలోపే ఎగిరిపోతుంది. తడిపిన దూదిని మైక్రోవేవ్‌లో వేడిచేసి పళ్లెం వెనక దాస్తాం. హోర్డింగు మీద చూసి మీరు లొట్టలు వేసింది ఆ దూది ఆవిరికే. పక్కనున్న గ్లాసు మీద జారకుండా నిలిచిన చల్లని చుక్కలు గ్లిజరిన్.

ఆరు గంటలకు పళ్లెం సిద్ధమైంది. పొద్దున తిన్న రెండు ఇడ్లీల మీదే నిలబడి ఉన్న మా సహాయకుడు కుర్రాడు ఆ తొడ వైపు చెయ్యి చాచాడు. "ముట్టుకోకు, అది తిండి కాదు" అన్నాను. మరి తిండి ఏదని హండీ మూత తీసి చూస్తే అడుగున ఒక బిర్యానీ ఆకు, రెండు లవంగాలు మిగిలాయి. మెతుకుల వాదనలో అలసిన మేనల్లుడు మిగతాది ముగించాడు. మూతి తుడుచుకుంటూ వచ్చి కంప్యూటర్ తెర మీద ఫొటో చూశాడు. "బాగుంది సార్. కానీ ఇంకొంచెం సహజంగా..."

బిల్డర్ల పని ఇంతకన్నా వేదాంతపరమైనది. లేనిది ఉన్నట్టూ ఉన్నది లేనట్టూ తోచడాన్ని పెద్దలు మాయ అన్నారు. మేము దాన్ని 16 ఎంఎం లెన్స్ అంటాం. పదడుగులకు పదకొండడుగుల పడకగదిని తీయాలంటే కెమెరాతో సహా వెనక్కి వెనక్కి జరిగి, స్నానాలగదిలోకి వెళ్లి, కమోడ్ మూత మీద కూర్చుని తలుపులోంచి నొక్కాలి. అప్పుడది ఆ లెన్స్‌లో కల్యాణ మండపంలా వస్తుంది. ఫొటో చూసి కొనుక్కున్నవాళ్లు తరువాత మంచం తెచ్చుకుని, గదిలో మంచం పడుతుందా, మంచంలో గది పడుతుందా అని కొలుచుకుంటారు. బాల్కనీలోంచి చెరువు కనిపించాలంటారు. చెరువు ఉంది, నేను కాదనను. రెయిలింగు మీదికి నడుము దాకా వంగి మెడ ఎడమవైపు తిప్పితే, వానాకాలమైతే, ఉంది.

సిరియా యుద్ధంలో తీసిన ఒక ఫొటోలో తోటి విలేకరికి చెందిన, మూలన పడివున్న వీడియో కెమెరాను చెరిపేశాడని, 2014లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఒక ఫొటోగ్రాఫర్‌తో తెగతెంపులు చేసుకుంది. అంతకు ముందు ఏడాదే పులిట్జర్ పత్రికారంగ పురస్కారం అందుకున్న బృందంలో ఒకడు ఆయన. ఒక్క వీడియో కెమెరా! నేను ఒకే బాల్కనీ ఫొటోలోంచి రెండు హైటెన్షన్ స్తంభాలు, ఒక చెత్తకుప్ప, మూడు గేదెలు, ఒక శ్మశానం చెరిపాను. మెచ్చి రెండో దశ టవర్ల పని కూడా నాకే ఇచ్చారు. ఆయన పనిచేసింది వార్తలో, నేను చేసింది ప్రకటనలో. అందుకే ఆయనది తప్పయింది, నాది నైపుణ్యమైంది.

నగల దగ్గర చిక్కు వేరు. బంగారం అద్దం లాంటిది, ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. కాసులపేరును దగ్గరగా పెట్టి చూస్తే ఒక్కో కాసులో ఒక్కొక్క నేను, నల్ల చొక్కాతో, వంగి. బంగారం మీద నా బొమ్మ పడేది ఆ కాసేపే. తరువాత నల్ల అట్టలు, తెల్ల అట్టలు అడ్డం పెట్టుకుంటూ నన్ను నేనే ఒక్కో కాసులోంచి తొలగించుకుంటాను. కంపెనీ అధిపతుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. గంట ఇస్తామంటారు, ఆరు నిమిషాలు ఇస్తారు, చేతులు కట్టుకుంటారు.

పత్రికల పని మాత్రం స్వచ్ఛమైనదని మా వృత్తిలో ఒక నమ్మకం. అక్కడ అట్టలు, గ్లిజరిన్ ఉండవు, ఉన్నది ఉన్నట్టు తీయాలి. ఒక పత్రిక నన్ను డిసెంబరులో ఆదిలాబాద్ వైపు పత్తి చేలకు పంపింది. రైతు ఆకాశం వైపు చూస్తూ ఉండాలని, సహజంగా ఉండాలని సంపాదకుడి సూచన. చేలో పత్తి ఏరుతున్న పెద్దాయనను అడిగాను.

"పైన ఏముంది సార్?" అన్నాడాయన.

"మబ్బు కోసం చూస్తున్నట్టుగా..."

"ఇప్పుడు మబ్బు పడితే ఏరని పత్తి అంతా తడిసి నల్లబడుతుంది. మేము రావద్దని మొక్కుకుంటాం." ఒక కాయ కోసి బొటనవేలితో విప్పి నా కెమెరా ముందు పెట్టాడు. లోపల గులాబీ రంగు పురుగు, గింజ పక్కన ముడుచుకుని ఉంది. "చూడాల్సింది ఇక్కడ."

ఆ అరచేతిని తీశాను. నల్లని చీలికల మధ్య చెడిపోయిన దూది, అందులో ఆ చిన్న గులాబీ మెరుపు. 19 ఏళ్లలో నేను తీసినవాటిలో పదింటిని ఏరమంటే అది ఉంటుంది. మనిషి మంచివాడు, నా కోసం ఒక నిమిషం ఆకాశం కూడా చూసిపెట్టాడు. పత్రికలో అదే వచ్చింది, "వాన కోసం ఎదురుచూపు" అన్న శీర్షికతో. పురుగు ఉదయం కాఫీ వేళకు బాగుండదట, పైగా ఆకాశం బొమ్మే సహజంగా ఉందట.

ఈ వృత్తి మర్మం తెలిసిన ప్రభువు మన ఊళ్లో ఒకరుండేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన ఫొటోగ్రాఫర్ దీన్ దయాళ్‌కు 1894లో రాజా ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. రెండో ముక్కే అసలు పని అని ఆయన అప్పుడే గ్రహించాడు. దీన్ దయాళ్ పనితనం మీద నిజాం స్వయంగా ఉర్దూలో కవిత్వం కూడా చెప్పాడంటారు. మాకు వాట్సాప్‌లో బొటనవేలు వస్తుంది. దక్షిణ వ్యవహారం బొటనవేలితో తేల్చేసింది ఏకలవ్యుడి తరువాత మా క్లయింట్లే.

ఆ వేలికీ డబ్బుకూ మధ్య దూరం 45 రోజులకు మించకూడదని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చెబుతోంది. చూశారా, డబ్బు రావలసిన చోట చట్టం కూడా నన్ను పరిశ్రమ అనే పిలిచింది! కానీ 45వ రోజున ఫోను చేస్తే అకౌంట్స్ ఆయన సెలవులో ఉంటాడు, 90వ రోజున ఉద్యోగం మానేసి ఉంటాడు. ఈలోగా బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా జీఎస్టీ కట్టేయాలి. నాకు రాని డబ్బు మీద ప్రభుత్వానికి పన్ను వచ్చేస్తుంది. ఓదార్పు ఒక్కటే. కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారిదే ఫొటో మీద హక్కు. ఆ లెక్కన నా హార్డ్ డిస్కుల్లో ఉన్నవాటిలో చాలా భాగం ఇప్పటికీ నావే.

మొన్న బ్యాంకువాళ్లు కేవైసీ కోసం ఫొటోలు అడిగారు. నా ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు, కాసుల్లోంచి కూడా చెరిపేశాను కదా. వీధి చివర జిరాక్సు దుకాణం వెనక గదిలో ఒక కుర్రాడు పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తాడు. స్టూలు మీద కూర్చున్నాను.

"ముందు వంద రూపాయలు ఇవ్వండి" అన్నాడు.

మా వృత్తిలో ఎవరి నోటా నేను వినని వాక్యం అది. లేచి నిలబడి ఇచ్చాను. "కళ్లద్దాలు తీయండి. గడ్డం కిందికి. నవ్వకండి." ఒక్కటే నొక్కుడు. మూడు నిమిషాల్లో ఎనిమిది ఫొటోలు కత్తిరించి కవరులో వేసి ఇచ్చాడు. తీసి చూసుకున్నాను. ఎనిమిదింటిలోనూ, కంటి కింది సంచులతో సహా, అచ్చం నేనే.

"బాబూ," అన్నాను, "ఇంకొంచెం సహజంగా వచ్చేలా చేయగలవా?"