సుంకం భారం మోసింది చెరువు గట్టు మీది రైతే
మన రొయ్యల వంటి ఎగుమతులపై అమెరికా విధించే సుంకాలను చివరికి మోసేది అక్కడి వినియోగదారుడేనని, మన రైతుకు తగిలే దెబ్బ నామమాత్రమేనని వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అమ్మేవాడు మంచి ధర వచ్చేదాకా ఆగగలిగితే ఆ వాదన నిలబడుతుందేమో గాని, రొయ్యల రైతుకు ఆ వెసులుబాటు లేదు. మన సరుకుపై 2025 ఆగస్టు 7న 25 శాతంతో అమలులోకి వచ్చిన సుంకం అదే నెల 27 నుంచి 50 శాతమైంది. యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే అదనపు సుంకం) వంటివి అంతకు ముందునుంచే ఉన్నాయి. మనతో పోటీపడే ఈక్వెడార్‌పై 15 శాతమే వేశారు కనుక, అమెరికా దిగుమతిదారు మన సరుకుకు ఎక్కువ చెల్లించవలసిన అవసరమే లేకపోయింది. భీమవరం దగ్గర మా బంధువులు వనామీ రకం రొయ్యల సాగు చేస్తారు. ధర పెరిగేదాకా సరుకును చెరువులోనే ఉంచుదామంటే రోజూ మేత వేయాలి, రాత్రంతా నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిప్పాలి, కరెంటు బిల్లు కట్టాలి, ఈలోగా తెల్లమచ్చ వ్యాధి సోకిందంటే పెట్టుబడి మొత్తం నీళ్లపాలవుతుంది. అందుకే కొనుగోలు ఏజెంటు గట్టు మీద నిలబడి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి ఎంత చెబితే అంతకే రొయ్యలు పట్టి అమ్మడానికి మా బంధువులు ఒప్పుకున్నారు. ఇతర మార్కెట్లు వెతుక్కోవాలన్న వ్యాసకర్త సూచన మాత్రం సరైనదే. అయితే యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను యూరోపియన్ యూనియన్ 2016లోనే 50 శాతానికి పెంచింది. కాబట్టి ఆ దారి తెరుచుకోవాలంటే ముందుగా సాగు ప్రాంతాల్లో రైతుకు అందుబాటులో ఉండే పరీక్షా కేంద్రాలను ప్రభుత్వం ఏర్పాటు చేయాలి.