గుంజ కనపడకూడదు, పందిరి కూలకూడదు

శ్రీయుత డిటెక్టర్ ఆధార చట్రం గారికి,
సెర్న్ (కణాలను ఢీకొట్టించి చూసే ప్రయోగశాల), జెనీవా శివారు.
(ప్రస్తుతం మకాం నేలమీది అసెంబ్లీ గదిలో, దరిమిలా భూమికి సుమారు వంద మీటర్ల దిగువన.)

అయ్యా,

పెళ్ళిపందిట్లో ఫోటోలు తీసే పెద్దమనిషి వధూవరులను నిలబెట్టిన ప్రతిసారీ "ఆ గుంజ అడ్డమొస్తోందండీ, కాస్త ఇటు జరగండి" అంటాడు. ఆ గుంజ లేకపోతే పందిరి పెళ్ళివారి నెత్తిన ఉంటుందన్న సంగతి అతనికీ పట్టదు, పెళ్ళివారికీ పట్టదు. మొన్న ఒక పెళ్ళిలో ఆ మాట మూడోసారి విన్నప్పుడు మీరు గుర్తుకొచ్చారు.

ఆ ఢీకొట్టుళ్ళను గమనించే అట్లాస్ డిటెక్టర్ కోసం కడుతున్న కొత్త ట్రాకర్లో, అంటే కణాల దారిని పసిగట్టే పరికరంలో, సిలికాన్‌కు జరుగుతున్న మర్యాద అంతా ఇంతా కాదు. ఒక్క స్ట్రిప్ విభాగంలోనే దాదాపు 18 వేల మాడ్యూళ్ళు (సిలికాన్ సెన్సర్, దాని సర్క్యూట్ కలిసిన బిళ్ళలు), 165 చదరపు మీటర్ల సిలికాన్ ఉంటాయని చెప్పేటప్పుడు శాస్త్రవేత్తల కళ్ళు మెరుస్తాయి. ఆ సిలికాన్‌ను మోసేది మీరు. అయితే మీ ప్రస్తావన వచ్చేసరికి వాళ్ళు వాడే మాట "మెటీరియల్ బడ్జెట్". అంటే మీరు ఇంట్లో మనిషి కారు, ఇంటి ఖర్చు. కణాలు మీలోంచి వెళ్ళేటప్పుడు దారి తప్పుతాయని, హిగ్స్ కణం నుంచి వచ్చిన ఫోటాన్, అంటే కాంతి కణం, మీకు తగిలి ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌ల జంటగా విడిపోతుందని వాళ్ళ ఫిర్యాదు. పదార్థం ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత రేడియేషన్ లెంగ్త్; అది ఎంత ఎక్కువైతే అడ్డు అంత తక్కువ. అది ఇనుముకు 1.76 సెంటీమీటర్లు, అల్యూమినియానికి 8.9, కార్బన్ ఫైబర్‌కు పాతిక దరిదాపు. అందుకే ఇనుమును గుమ్మంలోకే రానివ్వలేదు, మీకు మాత్రం ఉద్యోగమిచ్చారు. షరతులు ఇవి: వంగకూడదు, చలికి ముడుచుకోకూడదు, ఏళ్ళ తరబడి రేడియేషన్‌లో తడిసినా మెత్తబడకూడదు, అన్నిటికీ మించి, ఉండకూడదు.

మీ స్వరూపాన్ని దగ్గరగా చూసినవాళ్ళకు జాలి వేస్తుంది. స్టేవ్ అని పిలిచే మీ పలక పొడవు 1.4 మీటర్లు. పైనా కిందా పలుచటి కార్బన్ ఫైబర్ చర్మాలు, నడుమ తేనెపట్టు గదుల అల్లిక, ఆ అల్లికలో ఒక కొసన మలుపు తిరిగి వెనక్కి వచ్చే టైటానియం గొట్టం, గొట్టం చుట్టూ వేడిని లాగడానికి కార్బన్ ఫోమ్. గొట్టం వ్యాసం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే కొబ్బరిబొండాంలో వేసే స్ట్రా దాని పక్కన బోరుబావి పైపులా కనిపిస్తుంది. పలకకు ఒక్కో వైపు 14 మాడ్యూళ్ళు అతికిస్తారు. ఇలాంటి పలకలు మధ్య భాగంలో 392 కావాలి. వాటిని అమెరికాలో బ్రూక్‌హావెన్‌లోనూ, ఇంగ్లండులో రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలోనూ మాడ్యూళ్ళతో సింగారించి జెనీవాకు సాగనంపుతారు. పసిబిడ్డను పంపినా ఇన్ని జాగ్రత్తలు ఉండవు.

ఆ గొట్టంలో ప్రవహించే ఆయన సంగతి చెప్పకపోతే లేఖ పూర్తి కాదు. భూమి వేడెక్కిపోతోందని లోకమంతా దోషిగా నిలబెట్టిన బొగ్గుపులుసు వాయువును, చల్లబరిచే పనికి మీ దగ్గర కొలువులో పెట్టుకున్నారు. ఇందులో అన్యాయమేమీ లేదు లెండి. పాత ట్రాకర్లలో తిరిగిన ఫ్లోరోకార్బన్లు వాతావరణంలోకి జారితే ఈయనకంటే వేల రెట్లు ఎక్కువ కీడు చేస్తాయి. ఆ లెక్కన ఈయన సాధువు. ద్రవంగా ఉన్నప్పుడు కిలోకు సుమారు 300 కిలోజౌళ్ళ వేడిని మింగి ఆవిరవుతాడు గనుక అంత సన్నని గొట్టంతోనూ పని జరుగుతుంది. మైనస్ 40 డిగ్రీల వద్ద పది బార్ల ఒత్తిడితో బుద్ధిగా ఉంటాడు. ఎవరైనా చలిని ఆపేసి 20 డిగ్రీలకు వదిలేశారా, 57 బార్లతో మీ గొట్టం గోడలను పరీక్షిస్తాడు. చలి ఎందుకంటే, రేడియేషన్ దెబ్బతిన్న సిలికాన్‌లో లీకేజీ కరెంటు ఏడు డిగ్రీలకొకసారి రెట్టింపవుతుంది. కరెంటు పెరిగితే వేడి, వేడి పెరిగితే మళ్ళీ కరెంటు. ఆపేవాడు లేకపోతే ఆ వడ్డీకి చక్రవడ్డీ కట్టేది సిలికానే.

ఈ చలిలోనే కదా మీ పరువు బజారున పడింది! మాడ్యూళ్ళను మీమీద అతికించి బాగా చల్లబరిచినప్పుడు కొన్ని సెన్సర్లు పగిలాయి. సెన్సర్ పైన అంటించిన సర్క్యూట్ పలక ఒక లెక్కన ముడుచుకుంటుంది, సిలికాన్ మరో లెక్కన. విడిగా ఉన్న మాడ్యూల్ కాస్త వంగి ఆ లాగుడును తట్టుకునేది. మీమీదికి చేరాక వంగే వీలు లేక పగిలింది. మిమ్మల్ని వంగవద్దని శాసించినవారే, వంగనందుకు మిమ్మల్ని విచారణలో నిలబెట్టారు. చివరికి నడుమ మెత్తటి పొర ఒకటి వేసి సంధి కుదిర్చారు. అంతకుముందు మరో వింత జరిగింది: చలిలో సెన్సర్ సంకేతాలు మోసే కొన్ని చానళ్ళలో గోల మొదలైంది. కూపీ లాగితే విద్యుత్ సరఫరా పలక మీది బుల్లి కెపాసిటర్లు కంపిస్తున్నాయని, ఆ కంపనం జిగురు గుండా సెన్సర్లోకి దిగుతోందని తేలింది. సృష్టి ఆదిలో ఏం జరిగిందో వినడానికి కట్టిన యంత్రం ముందుగా విన్నది కెపాసిటర్ల కచేరీ!

ఇవన్నీ ప్రగతి నివేదికలోకి ఎక్కేటప్పుడు ఎలా మారిపోతాయో నాకు తెలుసు. అలాంటి నివేదికలు నేనూ రాసినవాణ్ణే. పగిలినదాన్ని "గమనించిన అంశం" అంటాం, ఆరు నెలల ఆలస్యాన్ని "సవరించిన ప్రణాళిక" అంటాం, ఏం చేయాలో తోచనప్పుడు "పలు మార్గాలు పరిశీలనలో ఉన్నాయి" అంటాం. కణాలను తిప్పి ఢీకొట్టించే యంత్రాన్ని ఆపి మీలాంటి కొత్తవాళ్ళను అమర్చే మూడో దీర్ఘ విరామం మీ ఊళ్ళో ఒకప్పుడు 2024లో మొదలవుతుందన్నారు, తరువాత 2025 అన్నారు, ఆపైన 2026 నడిమికి జరిపి, కొత్త కిరణాలు 2030లో అన్నారు. ముహూర్తం జరిగిన ప్రతిసారీ కొందరు తిట్టుకుని ఉండవచ్చు గానీ, జిగురు ఆరడానికి పట్టే సమయం కమిటీ తీర్మానంతో తగ్గదు కదా.

మీ బంధువుల్లో అదృష్టవంతులు లేకపోలేదు. ఆ యంత్రం ఉన్న సొరంగంలో, కణాల దారిని వంచే, ఒక్కొక్కటి 35 టన్నులు తూగే 1232 డైపోల్ అయస్కాంతాల కింద మన దేశం చేసి పంపిన ఉక్కు జాకీలు కూర్చున్నాయి. అవి కణాల దారికి అడ్డు కావు గనుక బరువుగా ఉన్నందుకు వాటిని ఎవరూ నిలదీయరు. మీ పొరుగు డిటెక్టర్ ఆలిస్‌లో మాత్రం మీ జాతికే గండం వచ్చింది. అక్కడి కొత్త ట్రాకర్లో, 50 మైక్రాన్ల మందానికి పలుచబరిచిన సిలికాన్ రేకును 19 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి చాపలా చుట్టి, తన వంపే తనకు బలమనిపించి, కార్బన్ ఫోమ్ ముక్కలతో అంచులు ఆనించి, నీటిగొట్టాలు తీసేసి గాలి విసిరి చల్లబరచాలని సంకల్పించారు. గుంజ లేని పందిరి, విసనకర్రతో సేవ.

తా.క.: మీ ఫోటో ఎవరూ తీయరని బాధపడకండి. సీఎంఎస్ అనే మరో డిటెక్టర్ వారు, కణాలు చట్రానికి తగిలి చెదిరిన చోట్లన్నిటినీ చుక్కలుగా పెట్టుకుంటూ పోయి, 2018లో ఒక పటం అచ్చువేశారు. చెడిపోయిన కొలతలతోనే గీసిన ఆ పటంలో బీమ్ గొట్టం, కవచం, ఆధార గొట్టం, దాని పట్టాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెళ్ళివారు లేరు; అన్నీ గుంజలే.

ఇట్లు,
పందిరి కింద కూర్చున్న ఒకడు