ఒకవైపే రాసిన కాకిలెక్క

"కాలుష్య నియంత్రణ ఆర్థిక వ్యవస్థకు ఉరితాడు, మోడళ్లే తేల్చేశాయి" అంటూ ఒక పొడవాటి మెసేజ్ నెలల తరబడి గ్రూపుల్లో తిరుగుతోంది. నేను గౌరవించేవాళ్లు కూడా "ఆలోచించాల్సిన విషయం" అని తగిలించి మరీ పంపిస్తున్నారు. అందులో ఉన్నవి ఆరు వాదనలు. అగ్నిపర్వతాలు మనకంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయట. ఆర్థికవేత్తల మోడళ్లు, అంటే లెక్కలు కట్టి వేసే అంచనాలు, ఎప్పుడూ తప్పుతాయట. నియంత్రణకయ్యే ఖర్చే నిజం, లాభాలన్నీ ఊహలట. రాబోయే తరాలు మనకంటే ధనవంతులు కాబట్టి వాళ్లే చూసుకుంటారట. కార్బన్ పన్ను పేదవాడి నడ్డి విరుస్తుందట. కాలుష్య నియంత్రణ ధనిక దేశాలకే చెల్లుతుందట.

అగ్నిపర్వతాల సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. అవన్నీ కలిసి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్, మనుషులు వదిలేదాంట్లో ఒక శాతం కూడా ఉండదు.

అంచనాలు తప్పుతాయి, నిజమే. ఎటువైపు తప్పాయో మాత్రం మెసేజ్ చెప్పదు. ఆమ్ల వర్షాలను అరికట్టడానికి అమెరికా 1990లో చట్టం సవరించి, విద్యుత్ కేంద్రాలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితి పెట్టింది. ఒక్కో టన్ను వదలడానికి అనుమతినిచ్చే పర్మిట్లు కొనుక్కోవడానికి, అమ్ముకోవడానికి వీలిచ్చింది. టన్ను పర్మిట్ వెయ్యి డాలర్లు దాటుతుందని పరిశ్రమ వర్గాలు గగ్గోలు పెట్టాయి. 1995లో మార్కెట్ మొదలయ్యాక తొలి రెండు మూడేళ్లలో ధర 150 డాలర్ల దగ్గరో, ఇంకా కిందో ఉంది. చాలా కంపెనీలు చిమ్నీలకు పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్ తీసేసే ఖరీదైన స్క్రబ్బర్లు బిగించే బదులు వయోమింగ్ నుంచి గంధకం తక్కువున్న బొగ్గు తెప్పించుకున్నాయి. 1980లో రైల్వేలపై ఆంక్షలు సడలించడంతో ఆ రవాణా అప్పటికే చౌకబడింది. కాబట్టి ఘనతంతా పర్మిట్ల విధానానిదే అని నేను అనను. కానీ ఖర్చును ఎన్నో రెట్లు పెంచి చూపిన అంచనాను తెచ్చి, "చూశారా, మోడళ్లు తప్పు, అందుకే నియంత్రణ వద్దు" అంటే ఎలా?

నాకు ఒళ్లు మండేది మూడో వాదన దగ్గర. ఖర్చే నిజం, లాభాలు ఊహలు అనేదాని దగ్గర. మెసేజ్‌తోపాటు వచ్చే పట్టికను ఒక్కసారి పెద్దది చేసి చూడండి. యంత్రాల ఖర్చు ఉంది, కరెంటు ధర పెరుగుదల ఉంది, జీడీపీలో తరుగుదల ఉంది. పీల్చేవాళ్ల గురించి ఒక్క వరుస కూడా లేదు. ఆస్పత్రి ఖర్చు లేదు, పోయిన పనిదినాలు లేవు, ముందుగా పోయిన ప్రాణాలు లేవు. లాభాల గడినే పెట్టని మోడల్‌లో లాభం సున్నా రాక ఇంకేం వస్తుంది? మోడల్ తేల్చిందని చెబుతున్న మాట, దాన్ని తయారుచేసినవాళ్లు ముందే తేల్చుకున్నది.

ఆ గడి నింపడం గాలిలో దీపం కాదు. చిమ్నీ నుంచి ఎన్ని టన్నులు వచ్చాయి, గాలి వాటిని ఎటు తీసుకెళ్లింది, అక్కడ ఎంతమంది ఉన్నారు, ఆ మోతాదుకి మరణాల ముప్పు ఎంత పెరుగుతుంది అని మెట్టు మెట్టుగా కడతారు. చివరి మెట్టుకి ఆధారం ఏళ్ల తరబడి చేసిన పరిశీలన. హార్వర్డ్ పరిశోధకులు 6 అమెరికన్ పట్టణాల్లో 8 వేలమందికి పైగా పెద్దవాళ్లను 14 నుంచి 16 ఏళ్లపాటు గమనించి 1993లో ఫలితాలు ప్రచురించారు. పొగతాగే అలవాటు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, గాలి అధ్వానంగా ఉన్న పట్టణంలో మరణాల రేటు శుభ్రమైన పట్టణంకంటే 26 శాతం ఎక్కువ. ఇది ఊహా?

లాభాల గడి పెడితే లెక్క ఎలా మారుతుందో కూడా చూద్దాం. 1970 నుంచి 1990 వరకు స్వచ్ఛమైన గాలి చట్టం అమలుకు దాదాపు 50 వేల కోట్ల డాలర్లు ఖర్చయిందని అమెరికా పర్యావరణ సంస్థ 1997లో లెక్కగట్టింది. లాభాల మధ్యస్థ అంచనా 22 లక్షల కోట్ల డాలర్లు. అంత నమ్మబుద్ధి కాకపోతే అతి తక్కువ అంచనానే తీసుకోండి, 5.6 లక్షల కోట్లు. అప్పుడు కూడా ఖర్చుకు పది రెట్లకు పైనే. పెట్రోల్‌లో సీసం విషయంలోనైతే, 1982లో నిబంధనలు సడలిద్దామనుకున్న ప్రభుత్వమే 1985లో ఖర్చు, ప్రయోజనాలు పక్కపక్కన పెట్టి చూసుకుని, పరిమితిని గ్యాలన్‌కు 1.1 గ్రాముల నుంచి 0.1 గ్రాముకు దించింది. ఆ లెక్కలో పిల్లల ఆరోగ్యం ఉంది. ఈ పట్టికలో లేదు. పిల్లల్ని లెక్కలోంచి తీసేసి "సైన్స్" అని పేరు పెట్టి పంపడానికి చేతులెలా వచ్చాయి?

రాబోయే తరాలే చూసుకుంటాయన్న వాదన డిస్కౌంట్ రేటు చాటున, అంటే రేపటి నష్టాన్ని ఈరోజు విలువకు తగ్గించి చూసే ఏటా శాతం చాటున, దాక్కుంది. వందేళ్ల తర్వాత జరిగే 100 డాలర్ల నష్టానికి 5 శాతం రేటున ఈరోజు విలువ 76 సెంట్లు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం వాతావరణ మార్పు నష్టాల్ని లెక్కగట్టిన ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ వాడిన 1.4 శాతం దరిదాపు రేటున సుమారు 25 డాలర్లు. నష్టం అదే. రేటు మారితే విలువ ముప్పై రెట్లకు పైగా మారిపోతోంది. ఏ రేటు సరైనదో 2018లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ స్టెర్న్‌తో గట్టిగానే వాదించారు. మెసేజ్ రాసినవాళ్లు ఏ రేటు వాడారో కూడా చెప్పలేదు.

పన్ను విషయంలో మాత్రం మెసేజ్‌తో నాకు పేచీ లేదు. ఇంధనం మీద పన్ను వేసి ఆ డబ్బు ఖజానాలో వేసుకుంటే, ఆదాయంలో ఎక్కువ వాటా ఇంధనానికే పోయే కుటుంబాలకు దెబ్బ గట్టిగా తగులుతుంది. 2018లో ఫ్రాన్స్‌లో జనం రోడ్లెక్కింది అందుకే, వాళ్ల కోపం న్యాయమైనదే. గనులు, పాత ప్లాంట్లలో పనిచేసేవాళ్ల జీతాలకు ఎసరొస్తుందన్నదీ నిజం. దేశం మొత్తం సగటు చూపించి వాళ్ల నష్టాన్ని కప్పేసే ఆర్థికవేత్తల మీద కూడా నాకు కోపమే. కానీ వసూలైన డబ్బు తిరిగివ్వొచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2008లో కార్బన్ పన్ను వేసి, ఆదాయపు పన్ను తగ్గించి, తక్కువ ఆదాయంవాళ్లకు నేరుగా డబ్బు ఇచ్చింది. ఇక ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందంటారా, స్వీడన్ 1991 నుంచి ఈ పన్ను వేస్తోంది. ఆ తర్వాతి పాతికేళ్లలో ఉద్గారాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి, జీడీపీ సగానికి పైగా పెరిగింది.

ధనిక దేశాలకే చెల్లుతుందన్న మాటకు జవాబు సూరత్‌లో ఉంది. అక్కడ 2019లో పొగలోని ధూళికి పర్మిట్ల మార్కెట్ పెట్టి, బొగ్గు కాల్చే ఫ్యాక్టరీల్లో కొన్నిటిని లాటరీ పద్ధతిలో అందులో చేర్చారు. మిగతావాటిని పాత నిబంధనల కిందే ఉంచారు. మార్కెట్‌లో చేరిన ఫ్యాక్టరీల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. అంతే ధూళిని పాత పద్ధతిలో తగ్గించాలంటే అయ్యేదానికన్నా వాటికి ఖర్చు కూడా తక్కువే అయింది.