వ్యక్తిగత కారణాల రీత్యా

మొన్న ఆదివారం పొద్దున్నే మా పై అంతస్తు 402 గారు స్వీట్ బాక్సుతో వచ్చి బెల్లు కొట్టారు. అరకిలో కాజూ కత్లీ. కొత్త ఉద్యోగమట, జీతం 30 శాతం ఎక్కువట, ఆఫీసు కూడా ఇంటికి దగ్గరేనట. "అంతా పైవాడి దయ" అన్నారు. పైవాడి సంగతేమో గానీ మా హెచ్చార్ దయ మాత్రం పుష్కలంగా ఉంది. ఆయనా నేనూ ఒకే ఆఫీసు, నా ఖర్మ. ఆయన ఎందుకు వెళ్లారో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. "షుగర్ లేదుగా?" అన్నారు. లేదని బాక్సు తీసుకున్నాను.

టీములో కొత్తగా చేరిన అమ్మాయికి రాత్రి పదకొండు దాటాక "నిద్రపోయావా" అని మెసేజీలు పెట్టడం, ఆమె కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి ఆనించి "స్క్రీను కొంచెం కిందికి జరుపమ్మా" అనడం. వీటిని ఆఫీసు భాషలో "ప్రవర్తనాపరమైన అంశాలు" అంటారు. ఉద్యోగం ఊడే రోజుకి వాటి పేరు మారుతుంది. ఆయన రిలీవింగ్ లెటర్లో ఉన్నది "వ్యక్తిగత కారణాల రీత్యా" అనే మూడు మాటలే. ఫోన్లో జూమ్ చేసి మరీ చూపించారు. ఎవరి వ్యక్తిగతం సార్? భుజం ఆ అమ్మాయిది కదా.

కాబట్టి ప్రవర్తన వల్ల కొలువు పోయిన పెద్దమనుషులకు నా మనవి. బెంగపడకండి. తీసేసేలోగా మీరే రాజీనామా పడెయ్యండి. తీసేస్తే కాగితం మీద కారణం రాయాలి, రాస్తే మీరు కోర్టుకెక్కుతారేమోనని కంపెనీకి వణుకు. మీరే పోతానంటే నోటీసు కాలం జీతం చేతిలో పెట్టి సాగనంపుతుంది. ఆనక అరుణాచలం వెళ్లి గిరిప్రదక్షిణ చేసి, విభూతితో ఒక ఫొటో దిగి, లింక్డ్‌ఇన్‌లో "చిన్న విరామం, కొత్త ప్రయాణం" అని పెట్టండి. చప్పట్లే చప్పట్లు.

మా వాడి వీడ్కోలు సభ సంగతి చెప్పకపోతే నాకు అన్నం అరగదు. అవును, సభే. విచారణ కమిటీ కూర్చున్న గదిలోనే పెట్టారు, వేరే గది ఖాళీ లేదట. రెండు కిలోల పైనాపిల్ కేకు. మీద "హ్యాపీ జర్నీ" అని ఉంది, బేకరీవాడు అమెరికా అనుకున్నట్టున్నాడు. శాలువా కూడా తెచ్చారు. కప్పడానికి ఎవరూ లేవకపోతే సెక్యూరిటీ సూపర్‌వైజర్ని పిలిచారు. అరగంట తర్వాత ఐడీ కార్డు లాక్కుని గేటు దాకా దిగబెట్టాల్సింది కూడా ఆయనే. హెచ్చార్ మేడమ్ "అందరితో ఇట్టే కలిసిపోయే స్వభావం" అన్నారు. ఎవరో దగ్గారు. మేనేజరు లేచి "జూనియర్ల మీద ప్రత్యేక శ్రద్ధ" అన్నారు. ఈసారి దగ్గు ఇద్దరికొచ్చింది. 402 గారు కళ్లొత్తుకుని "ఇక్కడి ఆడపిల్లలంతా నా చెల్లెళ్లు" అనేసరికి గదంతా జలుబే. గ్రీటింగ్ కార్డు చేతులు మారి నా దగ్గరికొచ్చింది. "మిస్ యూ సార్" అని రాశాను. చోటు మిగిలిందని పక్కన నవ్వుబొమ్మ కూడా వేశాను.

పనిచోట లైంగిక వేధింపుల మీద తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమందికి తగ్గకుండా పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, విచారణ 90 రోజుల్లో తేలాలి. మా ఆఫీసులో ఆ పోస్టరు నీళ్ల మిషను వెనక ఉంది. ఏటా ఆన్‌లైన్ శిక్షణలో ఆ చట్టానికి మూలమైన 1997 నాటి సుప్రీంకోర్టు విశాఖ తీర్పు స్లైడు రాగానే "మన వైజాగ్‌లోనా?" అని ఒకడు అడుగుతాడు. వైజాగ్ కాదు నాయనా. విశాఖ అనేది కోర్టుకెళ్లిన ఒక మహిళా సంస్థ పేరు. జరిగింది రాజస్థాన్‌లోని భతేరిలో, 1992లో. ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తూ ఒక బాల్యవివాహం ఆపబోయినందుకు భన్వరీ దేవిని సామూహికంగా చెరిచారు. 1995లో కింది కోర్టు ఆ అత్యాచారం కేసులో నిందితుల్ని నిర్దోషులంది. ఆమె పడ్డ నరకంలోంచి వచ్చిన చట్టాన్ని మనం నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయి సర్టిఫికెట్ దింపుకుంటాం. 402 గారికి క్విజ్‌లో నూటికి నూరు.

విచారణ జరిగినన్నాళ్లూ ఆ పిల్ల ఆయనతోపాటు అదే లిఫ్టు ఎక్కింది. "ఇంత చిన్నదానికి మనిషి పొట్ట కొడతావా, ఇంటి లోన్ ఉంది, ఇద్దరు పిల్లలున్నారు" అని ఆమె సీటు దగ్గరికెళ్లి హితవు చెప్పినవాళ్లు ఎంతమందో. ఆయన దగ్గరికెళ్లి "ఏం పనయ్యా ఇది" అన్నవాడు ఒక్కడు లేడు. నేనూ అనలేదు. ఆ పిల్లకు పొట్ట లేదా? చదువు కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరనే లేదు. ఫిర్యాదు నిజమేనని కమిటీ తేల్చాక కూడా క్యాంటీన్లో ఆమె ఎదురుగా ఎవడూ కూర్చోలేదు. "జాగ్రత్తరోయ్, పలకరిస్తే కమిటీకెక్కుతుంది" అని ఇకిలించారు, సిగ్గులేని వెధవలు. రెండు నెలలకు ఆమే మానేసింది. కేకు లేదు, కార్డు లేదు. ల్యాప్‌టాప్ రిసెప్షన్లో అప్పజెప్పి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్లిపోయింది.

ఇక కాజూ కత్లీ ఊరికే రాలేదు. కొత్త కంపెనీ వెరిఫికేషన్‌కి ఆయన నా పేరిచ్చారట. నిన్న మెయిలొచ్చింది. మొదటి నాలుగు ప్రశ్నలూ హోదా, తేదీలు, తేలికే. ఐదోది: "అవకాశం వస్తే ఈయనతో మళ్లీ పనిచేస్తారా?" అవును, కాదు, రెండే గళ్లు. గడువు శుక్రవారం. డబ్బాలో ఇంకా ఆరు ముక్కలున్నాయి.

పొద్దున లిఫ్టులో కనిపించారు. "మెయిలొచ్చిందా బ్రదర్?" అన్నారు, నా భుజం మీద చెయ్యేసి.