మీటింగ్ గదికి కిటికీ ఎందుకు?

ఆఫీసు మీటింగ్ గదిలో కిటికీ తెరవాలని కొందరు ఉద్యోగులు పట్టుబడుతున్నారట. ఈ ధోరణిని మొగ్గలోనే తుంచాలి. బిగించిన గది యాజమాన్యానికి చేసే సేవ వీళ్లకేం తెలుసు?

లెక్క చూడండి. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గది. అందులో 10 మంది. ఊరికే కూర్చున్న మనిషి కూడా గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. బయటి గాలిలో అది దాదాపు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు. ఈ గదిలో 12 నిమిషాలకే 1000 దాటుతుంది, గంటకల్లా 3400కు చేరుతుంది. అప్పటికి మనం పీల్చే గాలిలో సుమారు పదమూడో వంతు పక్కవాళ్ల ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందే, జలుబుతో సహా. తలుపు సందుల్లోంచి దొంగగాలి దూరి ఈ అంకెను కాస్త తగ్గిస్తుంది. రబ్బరు బీడింగ్ అంటిస్తే ఆ పీడా విరగడవుతుంది. 1000 దాటితే గది గాలి చెడినట్టేనని జర్మనీలో పెట్టెన్‌కోఫర్ అనే ఆరోగ్యశాస్త్రవేత్త 1858లోనే తేల్చాడు. పాపం, ఆయన స్లైడ్లు చూసిన మనిషి కాడు.

అజెండాలో తేలిక విషయాలు ముందు పెట్టి, బడ్జెట్‌ను 50వ నిమిషానికి తేవాలి. అప్పటికి కణతలు లాగుతుంటాయి, కళ్లు మూతలు పడుతుంటాయి, తలలు ముందుకు వాలుతుంటాయి. మినిట్స్‌లో దాన్ని ఏకగ్రీవ ఆమోదంగా రాసుకోవచ్చు.

‘ఏసీ ఉందిగా’ అన్న మాటను మాత్రం ఎవరూ ఖండించకుండా చూడాలి. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు. గదిలో గాలినే లాగి, కాయిల్ మీదుగా చల్లబరచి మళ్లీ మన మొహానే కొడుతుంది. టీమ్ స్పిరిట్ అంటే అదే మరి! సెంట్రల్ ఏసీ అయితే తాజాగాలిని లోపలికి వదిలే మూత, అదే డాంపర్, మూసేస్తే సరి, కరెంటు బిల్లూ తగ్గుతుంది. ఇంకా అనుమానపడేవాళ్ల కోసం మూలన ఒక ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టండి. దాని హెపా ఫిల్టర్ దుమ్మును పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్ జోలికి పోదు. పచ్చ లైటు వెలుగుతుంటే అడిగేవాడెవడు?

కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనక తప్పదంటే చవకరకం తెప్పించండి. అందులో చాలావాటికి దాన్ని కొలవడమే రాదు. గాలిలోని ఇతర ఆవిర్లను బట్టి ఒక అంకె ఊహించి చెబుతాయి. ఎవరో శానిటైజర్ రాసుకోగానే గంతులేస్తాయి, దాంతో రెండ్రోజుల్లో అందరికీ నమ్మకం పోతుంది. పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉన్నది మాత్రం గడప తొక్కనివ్వకండి. పొరపాటున వచ్చినా, కూర్చున్నవాళ్ల ముక్కు ఎత్తులో కాకుండా తలుపు వారన పెట్టించండి.

మనిషికి సెకనుకు 8.6 లీటర్ల చొప్పున బయటి గాలి అందితే గది 1000 పీపీఎం దగ్గరే ఆగుతుంది. పదిమందికి 86 లీటర్లు. సరిపడా సైజు ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి, ఎదురుగోడకు బయటి గాలి వచ్చే జాలీ ఒకటి ఉంటే తీరే పని. అంత భారీ నిర్ణయం తొందరపడి తీసుకోలేం కాబట్టి సబ్ కమిటీ వేశాం. పది మంది సభ్యులు. మొదటి సమావేశం రెండు గంటలు, ఆ గదిలోనే.