చాలెంజర్ టైటిల్.. 52 వారాల అప్పు

2024 ఫిబ్రవరి 11న చెన్నై నుంగంబాక్కం స్టేడియంలో భారత టెన్నిస్ ఆటగాడు సుమిత్ నగాల్ 6-1, 6-4తో ఇటలీ కుర్రాడు లూకా నార్డిని ఓడించి చాలెంజర్ టోర్నీ టైటిల్ అందుకున్నాడు. వారమంతా ఒక్క సెట్ కూడా చేజార్చుకోలేదు. మర్నాడు వచ్చిన ఏటీపీ (పురుషుల టెన్నిస్ సంఘం) ర్యాంకుల జాబితాలో 121 నుంచి 98కి ఎగబాకాడు. చేతికి 18,230 డాలర్లు, ఖాతాలోకి 100 ర్యాంకింగ్ పాయింట్లు. డాలర్లు అతనివే. పాయింట్లు మాత్రం అప్పు తెచ్చుకున్నట్టే లెక్క, గడువు 52 వారాలు. 2025లో అదే వారం వచ్చేసరికి ఆ 100 పాయింట్లూ చిట్టాలోంచి కొట్టివేత. అక్కడే మళ్లీ గెలిస్తే పాత చోటే ఉంటాడు, లేదంటే కిందికి జారతాడు.

చాలెంజర్ సర్క్యూట్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ వాయిదా లెక్క తెలియాలి. ఏటీపీ టూర్‌కు ఒక మెట్టు కింద, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలకు ఒక మెట్టు పైన ఉండే అంచె ఇది. 50, 75, 100, 125, 175 అని అయిదు తరగతులు. తరగతి పేరులోని అంకే విజేతకు దక్కే పాయింట్లు. విజేత దగ్గర ఆగి కింది మెట్లు చూస్తే అసలు కథ బోధపడుతుంది. చాలెంజర్ 100లో రన్నరప్‌కు 50, సెమీస్‌లో ఓడితే 25, క్వార్టర్స్‌లో 14, రెండో రౌండ్‌లో 7. మెయిన్ డ్రా (అసలు పోటీ) తొలి రౌండ్‌లో ఓడితే సున్నా. టాప్-100లో నిలవడానికి ఏడాది మొత్తమ్మీద సుమారు 600 పాయింట్లు కావాలి. ఏడాదిలో బాగా ఆడిన ఇరవైలోపు టోర్నీల పాయింట్లే లెక్కకొస్తాయి కాబట్టి ప్రతి వారం సెమీస్ ఆడినా ఆ లెక్క తెమలదు, మధ్యమధ్యలో టైటిళ్లు పడాల్సిందే.

అసలు ఆ 100 మీద అంత యావ ఎందుకు? గ్రాండ్‌స్లామ్ డ్రాలో 128 మంది ఉంటే 104 చోట్లు ర్యాంకు చూసి నేరుగా ఇస్తారు. గాయాలతో తప్పుకునేవారి సంగతి అటుంచితే, వందలోపు ఉన్నవాడికి చోటు ఖాయమైనట్టే. 2024 వింబుల్డన్‌లో తొలి రౌండ్‌లో ఓడినవాడికే 60,000 పౌండ్లు ముట్టాయి. చెన్నైలో వారమంతా గెలిచి అందుకున్న దానికి నాలుగింతలు. చాలెంజర్లలో ఎవరూ ప్రైజ్‌మనీ కోసం ఆడరు, గ్రాండ్‌స్లామ్‌లోకి టికెట్ కోసం ఆడతారు.

ఖర్చు చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మెయిన్ డ్రా ఆటగాడికి టోర్నీ వాళ్లు హోటల్ గది ఇస్తారు. విమానం టికెట్లు, కోచ్, ఫిజియో, రోజూ రెండు మూడు రాకెట్లకు తీగలు బిగించే స్ట్రింగింగ్, అన్నీ ఆటగాడి జేబులోంచే. దేశంలో నంబర్‌వన్ అయ్యుండి 2023లో నగాల్ తన బ్యాంకు ఖాతాలో మిగిలింది 900 యూరోలని బయటికే చెప్పాడు. ఆ తర్వాత ఏడాది నుంచి ఏటీపీ ఒక భరోసా పథకం పెట్టింది. 2024లో ఏడాది సంపాదన టాప్-100లో ఉన్నవాళ్లకు 3 లక్షల డాలర్లు, 101-175 వాళ్లకు లక్షన్నర, 176-250 వాళ్లకు 75 వేలకు తగ్గకుండా చూసింది. మంచిదే. కానీ మన కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ 250 గీతకు అవతలే ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన రిత్విక్ బొల్లిపల్లి 2024లో అర్జున్ కాధేతో కలిసి కజకిస్థాన్‌లోని అల్మాటీలో ఏటీపీ టైటిల్ నెగ్గింది డబుల్స్‌లో. యూకీ బాంబ్రీ సింగిల్స్‌ను పక్కనపెట్టేసి డబుల్స్‌కే పరిమితమయ్యాడు. నా లెక్కలో అది ఓటమి కాదు, జమాఖర్చులు చూసుకుని తీసుకున్న నిర్ణయం.

ఇక మన గడ్డ మీద టోర్నీల సంగతి. పుణెలో జరిగే ఏటీపీ 250 (విజేతకు 250 పాయింట్లిచ్చే) టోర్నీ 2023తో ఆగిపోయింది. అప్పటినుంచి పురుషుల సింగిల్స్‌లో మనకు పెద్దపండగంటే ఫిబ్రవరి చాలెంజర్లే. 2024లోనూ 2025లోనూ చెన్నై, బెంగళూరు, పుణె, ఢిల్లీ. హైదరాబాద్, విశాఖ ఆ వరసలో లేవు. సొంతగడ్డ అనుకూలమంటాం గానీ ఈ వరసను అందరికంటే బాగా పిండుకున్నది ఆస్ట్రేలియాకు చెందిన మాక్స్ పర్సెల్. 2023లో చెన్నై, బెంగళూరు, పుణె మూడూ వరసపెట్టి గెలిచి టాప్-100లోకి నడిచాడు.

అది ఎంత కష్టమో బయటికి కనబడదు. చెన్నై సముద్రమట్టం. తేమకు బంతి మీది నూగు ఉబ్బి, బరువెక్కి, నెమ్మదిస్తుంది. పొడవైన ర్యాలీలు ఆడేవాడికి అది స్వర్గం. అక్కడ ఆదివారం ఫైనల్ ఆడినవాడు మంగళవారానికల్లా బెంగళూరు కబ్బన్ పార్క్ కోర్టులో దిగాలి. 900 మీటర్ల ఎత్తు, పలచటి గాలి. చెన్నైలో బేస్‌లైన్‌కు అడుగు లోపల పడిన ఫోర్‌హ్యాండే ఇక్కడ గీత దాటిపోతుంది. అందుకని స్ట్రింగ్స్ రెండు మూడు పౌండ్లు బిగిస్తారు. బిగిస్తే బంతి అదుపులోకి వస్తుంది గానీ చేతికి దెబ్బ గట్టిగా తగులుతుంది, అప్పటికే అయిదు మ్యాచ్‌లాడి అలిసిన భుజానికి మరీనూ. సర్వ్ కొట్టి నెట్‌కు దూసుకొచ్చే పర్సెల్ లాంటివాడికి పలచటి గాలి కలిసొస్తుంది. వెనకనుండి తిప్పికొట్టే నగాల్ 2024లో బెంగళూరు సెమీస్‌లో ఇటలీ ఆటగాడు నపోలిటానో చేతిలో ఆగిపోయాడు.

ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులిచ్చే చోట్లు, అంటే వైల్డ్‌కార్డుల మీద మనకున్న నమ్మకం కూడా కాస్త ఎక్కువే. 32 మంది మెయిన్ డ్రాలో మూడు వైల్డ్‌కార్డులు, ఆరుగురు క్వాలిఫయర్లు. వైల్డ్‌కార్డుతో వచ్చి తొలి రౌండ్‌లో ఓడినవాడు ఒక్క పాయింటూ లేకుండా ఇంటికెళతాడు. క్వాలిఫయింగ్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచి వచ్చి ఓడినవాడికి కొన్నయినా మిగులుతాయి, పైగా కోర్టు అలవాటవుతుంది. 2019లో ఇటలీలోని బెర్గామోలో వైల్డ్‌కార్డుతో దిగి టైటిల్ ఎత్తుకుపోయిన ఆ దేశపు ఆటగాడు యానిక్ సినర్‌కు అప్పుడు 17 ఏళ్లు, ర్యాంకు 500 అవతల. ఇస్తే అలాంటి వయసువాళ్లకివ్వాలి. అయితే సినర్‌కు ఇంకో వసతి ఉంది. ఇటలీలో ఏడాదికి ఇరవైకి అటూఇటూగా చాలెంజర్లు జరుగుతాయి, ఒకచోట పోయినవి ఇంకోచోట రాబట్టుకోవచ్చు.

మనకు 2024, 2025ల్లో అన్నీ ఫిబ్రవరిలోనే. అంటే వచ్చిన పాయింట్లన్నీ మళ్లీ ఫిబ్రవరిలోనే గడువు తీరతాయి. నగాల్ 2024లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఇంకో టైటిల్ గెలిచి జులైకల్లా 68కి చేరాడు. ఆ గెలుపుల వాయిదాలు 2025లో ఒకదాని వెంట ఒకటి మీదపడ్డాయి, ఏడాది చివరికి 200 అవతలికి జారిపోయాడు.

2024 లెక్కల్లో చాలెంజర్ 100కు ప్రైజ్‌మనీ 1,33,250 డాలర్లు, చాలెంజర్ 50కి 41,000. ఒక పెద్ద టోర్నీ ప్రైజ్‌మనీతో మూడు చిన్నవి జరపొచ్చు. అంపైర్లు, హోటల్ గదులు, బంతులు మూడింతలవుతాయన్నది నిజమే, ఆ భారం రాష్ట్ర సంఘాలు మోయాలి. కానీ 50 తరగతిలో ఎంట్రీ కటాఫ్ కిందికి దిగుతుంది కాబట్టి 300-500 ర్యాంకుల్లో ఉన్న మన కుర్రాళ్లు ఎవరి సిఫార్సూ లేకుండా నేరుగా ఆడగలరు. ఉయ్యూరులో పుట్టి విశాఖలో ఆడిన సాకేత్ మైనేని 2014లో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరంలో చాలెంజర్ గెలిచి, రెండేళ్లకే క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో నిలిచాడు. అలాంటి చాలెంజర్లు అక్టోబరు, నవంబరులో రెండుమూడు పడితే చాలు. హైదరాబాద్‌లో, విశాఖలో ఆ నెలల ఎండ టెన్నిస్‌కు అడ్డేమీ కాదు.